మూత మీద మూడు దెబ్బలు

ఆ చిన్న విమానాల మైదానంలో ఎవర్నడిగినా ఆయన అసలు పేరు చెప్పలేరు. క్యాంటీన్ అక్క దగ్గర్నుంచి, ఇంకా లైసెన్సు మొహం చూడని పైలట్ పిల్లల దాకా అందరికీ ఆయన క్లియర్ బాబాయే. పన్నెండేళ్లుగా తెల్లారగానే ఆయన నోటి నుంచి వచ్చే మొదటి మాట ఒకటే: "రన్‌వే క్లియర్." పెళ్లాంతో మాట్లాడేది కూడా ఆ తర్వాతే. "పెళ్లి నన్ను చేసుకున్నాడు, కాపురం ఆ తారుపట్టీతో చేస్తున్నాడు" అని ఆవిడ వచ్చినవాళ్లందరి దగ్గరా దెప్పుతుంది.

కాగితం మీద ఉద్యోగం పేరు బారెడుంటుంది. చేసేదేమిటయ్యా అంటే, పిట్టల్ని తోలడం. నవ్వకండి. రెండు సీట్ల విమానం అంటే ఎంత? ఇద్దరు మనుషులు తోస్తే దొర్లుకుంటూ పోతుంది. దానికి ఎదురుగా ఓ కొంగ వచ్చి అద్దానికి కొట్టుకుందంటే లోపలివాడికి నూకలు చెల్లినట్టే. అందుకని రోజూ మొదటి విమానం లేవకముందే బాబాయ్ తన పాత జీపులో రన్‌వే ఈ చివర నుంచి ఆ చివరకి పోతాడు. రాలిన బోల్టుంటే ఏరతాడు. రాయుంటే పక్కకి తీస్తాడు. తీతువు పిట్టలు గుంపు కట్టి కూర్చుంటే టపాసు తుపాకీ పేలుస్తాడు. "కొంగలు 6, లేచిపోయినవి" అని రిజిస్టర్లో రాసి, గొంతు సవరించుకుని, రేడియోలో టవర్‌కి తన మాట చెబుతాడు.

టవర్‌లో కూర్చునేది సొంత బావమరిదే. అయినా రేడియోలో బావా లేదు, బావమరిదీ లేదు. అక్కడొక పద్ధతుంది. ఒకరు చెప్పిన మాటని విన్నవాడు పొల్లుపోకుండా తిరిగి చెప్పాలి. అది విని చెప్పినవాడు "కరెక్ట్" అనాలి. ఈ మూడూ అయితేనే మాట చెప్పినట్టు, లేకపోతే చెప్పనట్టే. పైగా అదంతా ఓ యంత్రంలో రికార్డవుతూ ఉంటుంది. దాన్ని చెరపడం ఎవడి తరమూ కాదు.

ఈ అలవాటు బాబాయ్‌కి ఎంత ముదిరిందంటే ఇంట్లోనూ అదే తంతు. భార్య కుట్టుపని చేస్తుంది. విమానాలు దిగేవాళ్లకి గాలి ఎటు వీస్తోందో చూపించడానికి స్తంభం మీద ఓ నారింజ రంగు గుడ్డ గొట్టం ఎగురుతూ ఉంటుంది చూశారూ, అది ఆవిడ చేతి కుట్టే. గాలిసంచి అంటారు దాన్ని. ఎండకీ గాలికీ ఆర్నెల్లకోసారి పీలికలైపోతుంది. కొత్తది కుట్టాల్సి వచ్చినప్పుడు ఆవిడ వాకిట్లోంచి కేకేస్తుంది.

"నారింజ దారం రెండు ఉండలు, లావు సూదులు ఒక పాకెట్టు!"

"నారింజ దారం రెండు, లావు సూదులు ఒకటి."

"కరెక్ట్. ఇంక బయల్దేరు మహానుభావా, కొట్టు కట్టేస్తారు."

ఇక నక్కల సంగతి. రన్‌వేకి దక్షిణం పక్క, నడుమెత్తు గడ్డిలో, వాన నీళ్లు పోవడానికి వేసిన పెద్ద సిమెంటు తూము ఒకటుంది. అందులో ఓ నక్కల కుటుంబం ఎప్పట్నుంచో కాపురం చేస్తోంది. బాబాయ్ ఉద్యోగంలో చేరిన కొత్తల్లో అవి తెల్లారుజామున తూములోంచి వచ్చి, ఇంకా వేడి చల్లారని తారు మీద దర్జాగా బోర్లా పడుకునేవి. తుపాకీ పేలిస్తే ఓ వారం పరిగెత్తాయి. ఎనిమిదో రోజున చెవి తెగిన ఆడనక్క ఒకటి ఆ చప్పుడు విని, బాబాయ్ మొహంలోకి చూసి ఆవలించింది. ఆయనకి ఒళ్లు మండిపోయింది. కంచెలో కన్నం పూడ్చండి మహాప్రభో అని ఇచ్చిన అర్జీలు ఏ బీరువాలో నిద్రపోయాయో ఇప్పటికీ తెలీదు.

అప్పుడాయనకి తట్టిందే బకెట్టు ఉపాయం. క్యాంటీన్‌లో మిగిలిన ఎముకలు, ఎండిపోయిన రొట్టె ముక్కలు ఓ ఇనప బకెట్టులో వేసుకుని, రన్‌వేకి దూరంగా దక్షిణం మూలకి తీసుకుపోయి కుమ్మరించేవాడు. మూత మీద పానాతో మూడు దెబ్బలు కొట్టేవాడు. ఠంగ్, ఠంగ్, ఠంగ్. పదిహేను రోజులు తిరక్కుండానే నక్కలకి పాఠం ఒంటబట్టింది. మూత మోగితే చాలు, చెవి తెగినది ముందు, మిగతావి వెనక, బడిపిల్లల్లా వరస కట్టి వచ్చేసేవి. అవి అక్కడ ఎముకలు కొరుకుతూ ఉంటే ఇక్కడ విమానాలు హాయిగా లేచేవి.

బాబాయ్ కూర్చునే గదిలో గోడ మీద రూల్సు రాసిన అట్ట ఉంది. అందులో ఐదోది: "మైదానంలో ఎక్కడా ఆహారం వేయరాదు. జంతువులను అలవాటు చేయరాదు." సరిగ్గా ఆ అట్ట కిందే మేకుకి ఆ బకెట్టు వేలాడుతూ ఉండేది. అందరికీ తెలుసు, ఎవరూ అడగరు. "ఇదిగో బాబాయ్, నీ చుట్టాలకి" అని క్యాంటీన్ అక్క బకెట్టు నింపి చేతికిచ్చేది. ఎవరికైనా ఏదైనా కలిసొస్తే నక్క తోక తొక్కావా అంటారు కదా, ఆ మాట పట్టుకుని మెకానిక్కులు ఆయన్ని ఏడిపించేవాళ్లు. "రోజూ నాలుగు తోకల మధ్య తిరుగుతున్నావు, ఒక్కటీ తొక్కలేకపోయావా బాబాయ్?" ఆయన నవ్వి ఊరుకునేవాడు. పన్నెండేళ్లలో ఏ చక్రానికీ ఒక్క జంతువు తగల్లేదు. ఆయనకి అదే చాలు.

మరి ఆ రోజు ఏం జరిగిందో చెబుతాను.

క్యాంటీన్ అక్క అన్నకి ఆపరేషనని రెండు రోజులు క్యాంటీన్ మూసేశారు. బకెట్టు ఖాళీ, నక్కలు పస్తు. ఖాళీ బకెట్టుని జీపు వెనకాల పడేస్తే, జీపు వెనక్కి తిప్పేటప్పుడు మూత కింద పడి చక్రం కింద నలిగింది. రెండో రోజు మధ్యాహ్నం మూడున్నరకి బాబాయ్ మామూలుగా రన్‌వే తిరిగొచ్చి, క్లియర్ అని చెప్పాడు. అప్పుడు నిజంగానే క్లియర్. తర్వాత చేతిలో పనేమీ లేదు. ఊరికే కూర్చునే మనిషి కాదు కదా, ఉత్తరం పక్కన షెడ్డు ముందు ఓ పాత టైరు మీద కూర్చుని, వంగిన మూతని నేల మీద బోర్లించి, పానా తీసుకున్నాడు.

పైన పిచ్చుక ఎగురుతోంది. అంటే పిట్ట కాదు, ఓ పైలట్ పిల్ల. నాలుగున్నర అడుగుల మనిషి. కుర్చీలో రెండు దిండ్లు వేసుకుంటేగాని విమానం ముక్కు కనపడదు. అందుకని ఆమె గురువు ఆ పేరు పెట్టాడు. "ఈ ఒక్క పిచ్చుకని మాత్రం తోలకు బాబాయ్" అని చెప్పి మరీ వెళ్లేవాడు. ఆ పిల్ల తండ్రి లారీ డ్రైవరు. ఒంటరిగా ఎగరడం మొదలుపెట్టి అప్పటికి తొమ్మిదో రోజు. దిగేటప్పుడు ఎడమ రెక్క కాస్త ఊపడం ఆమె అలవాటు. బాబాయ్ తలెత్తి ఆ ఊపు చూసి, మన పిచ్చుకే అనుకుని, తల దించుకుని మూత మీద కొట్టాడు.

ఠంగ్. ఠంగ్. ఠంగ్.

నాలుగో దెబ్బకి చెయ్యెత్తాడు, అంతే. ఎందుకో చూపు అటు పోయింది. దక్షిణం గడ్డిలోంచి చెవి తెగిన నక్క బయటికొచ్చింది. వెనక మూడు. రెండు రోజుల ఆకలి. వరస తప్పకుండా, తిన్నగా, ఆయన వైపే పరుగెత్తుకుంటూ వచ్చాయి. వాటికీ ఆయనకీ మధ్య రన్‌వే ఉంది. రన్‌వే మీద అప్పుడే చక్రాలు ఆనించిన విమానం ఉంది.

దబ్బున చప్పుడైంది. విమానం ఓ పక్కకి గుంజుకుంది, ముందు చక్రం విరిగింది, ముక్కు నేలని గీరుకుంటూ పోయి గాలిసంచి స్తంభాన్ని రెక్కతో తన్ని, గడ్డిలో ఆగింది. అందరికంటే ముందు పరిగెత్తింది బాబాయేనని తర్వాత చెప్పారు. ఆయనకి పరిగెత్తినట్టు గుర్తు లేదు. బెల్టు విప్పుతుంటే ఆ పిల్ల అన్న మాట మాత్రం గుర్తుంది. కుడి చెయ్యి వేలాడుతోంది, మొహం తెల్లగా పాలిపోయింది. "బాబాయ్, అవి వరసలో వచ్చాయి. ఎవరో పిలిచినట్టు వచ్చాయి."

అంబులెన్సు వెళ్లిపోయాక పార తీసుకుని చచ్చిన నక్కని ఎత్తడం కూడా ఆయన పనే. ఎత్తాడు. కంచె దగ్గర గొయ్యి తీసి పూడ్చాడు. గదికి వెళ్లి రిజిస్టర్లో రాశాడు: "నక్క, ఆడది, 1." తర్వాత షెడ్డు దగ్గరికొచ్చి బకెట్టు, మూత తీసుకున్నాడు. మూత పెట్టి చూశాడు. చక్కగా సరిపోయింది.

ఏడుపొస్తుందేమో అనుకున్నాడు, రాలేదు. భయం వేస్తుందేమో అనుకున్నాడు, అదీ లేదు. వేళకి ఆకలి వేసింది, నిద్ర కూడా పట్టింది. అదే ఆయనకి వింతగా ఉంది. పళ్ల డాక్టరు సూది పొడిచాక పెదవి మనది కానట్టుంటుందే, అలా మనిషంతా మొద్దుబారిపోయాడు. పొగలు కక్కే టీ గటగటా తాగేస్తే నాలుక మీద బొబ్బ లేచింది. అది అద్దంలో చూసుకున్నాకగాని తెలియలేదు. తెల్లారితే జీపు తీసేవాడు, రాళ్లు ఏరేవాడు, "రన్‌వే క్లియర్" అనేవాడు. బకెట్టు మాత్రం ముట్టుకోలేదు. మిగిలిన మూడు నక్కలూ పొద్దున్నే దక్షిణం మూలకొచ్చి కూర్చునేవి. కాసేపు చూసి, ఏమీ లేదని లేచి పోయేవి. మెకానిక్కులు ఆయన వెనక గుసగుసలాడుకునేవాళ్లు: ఇంత జరిగినా ఈయన చూడు, నిమ్మకు నీరెత్తినట్టున్నాడు అని.

నాలుగో రోజున పై ఆఫీసు నుంచి దర్యాప్తు ఆఫీసరు దిగాడు. చెడ్డవాడేం కాదు. బక్కపల్చని మనిషి, పెన్సిలు చెక్కుకుని చెవి మీద పెట్టుకుంటాడు. రన్‌వే కొలిచాడు, టైర్ల గీతలు కొలిచాడు, టవర్ రికార్డు విన్నాడు. మూడున్నరకి రన్‌వే క్లియర్ అని బాబాయ్ గొంతు అందులో గంట కొట్టినట్టుంది. ఇంకేం? ఆయన దగ్గర తేలిందేమిటంటే, నక్కలు మెల్లగా తారు మీదికి వచ్చి ఉంటాయి, ఆ పిల్ల ముందుకు చూడకుండా మీటర్ల ముళ్లు చూసుకుంటూ దించేసింది. పరిగెత్తుకుంటూ ఎదురొచ్చాయన్న మాట ఆయన చెవికెక్కలేదు. ఇంజను చప్పుడు వింటే నక్క పారిపోతుందేగాని మీదికొస్తుందా? తప్పు కప్పుకోవడానికి కథ అల్లిందని అనలేదుగాని, రాసుకునేటప్పుడు పెదవి విరిచాడు. రిపోర్టు అలాగే పోతే ఆ పిల్ల చదువు ఆగిపోతుంది. విమానం నేర్పే ఇంకో స్కూలు కూడా చేర్చుకోదు. ఎగరడం అక్కడితో సరి.

ఆ సాయంత్రమే బావమరిది టవర్ మెట్లు దిగొచ్చి, బాబాయ్‌ని జీపు చాటుకి లాక్కెళ్లాడు. పైనుంచి అద్దాల్లో అన్నీ కనపడతాయి. టైరు మీద కూర్చున్న మనిషీ కనపడతాడు, ఆయన చేతిలో పానా కనపడుతుంది.

"బావా, నేనేమీ చూళ్లేదు. నువ్వూ ఏమీ చూళ్లేదు. అర్థమైందా?"

బాబాయ్ ఆ మాట తిరిగి చెప్పలేదు.

"నిన్నెవరైనా అడిగారా? లేదు. అడగని దానికి జవాబెందుకు? ఇంకో పదమూడు నెలలు నోరు కట్టేసుకుంటే నీ రిటైర్మెంటు నీకొస్తుంది. ఇప్పుడు నోరిప్పావో, ఉద్యోగం ఊడుతుంది, క్వార్టరు ఖాళీ చేయమంటారు. అక్కని తీసుకుని ఏ చెట్టు కిందికి పోతావ్? ఆ పిల్ల చిన్నది, ఇంకేదో చదువుకుంటుంది. బతికుంది, అది చాలు."

"ఊఁ" అన్నాడు బాబాయ్.

పదో రోజున ఆ పిల్లే వచ్చింది. మోచేతి పైదాకా కట్టు, మెడకి వేలాడేసిన గుడ్డ. తిన్నగా బాబాయ్ గదికొచ్చి, గుమ్మం దగ్గర నిలబడింది. గోడ మీద రూల్సు అట్ట, దాని కింద మేకుకి బకెట్టు, దాని పక్కన ఆయన.

"బాబాయ్, మీరు ఆ రోజు షెడ్డు ముందే ఉన్నారు కదా. నాకు పైనుంచి కనపడ్డారు. అవి పరిగెత్తుకుంటూ రావడం మీరు చూశారు కదా? ఆ సారుకి ఒక్క ముక్క చెబుతారా?"

చెప్పేయ్ అని లోపల ఎవరో అన్నారు. ఆ అన్నవాడి గొంతు చాలా దూరం నుంచి వినపడింది.

"నేను తల దించుకునున్నానమ్మా. చూళ్లేదు."

ఆ పిల్ల "సరే బాబాయ్" అంది. వెళ్లిపోతూ, ఎడం చేత్తో గుమ్మం పట్టుకుని, "చెయ్యి తగ్గిపోతుందన్నారు. మీరేం బాధపడకండి" అని కూడా అంది. ఆమె వెళ్లాక బాబాయ్ రిజిస్టర్ తెరిచాడు. అప్పటికే రాసిన కొంగల్నే మళ్లీ రాశాడని మర్నాడుగాని చూసుకోలేదు.

ఇంట్లో భార్య ఏమీ అడిగేది కాదు. అయినా ఏదో తేడా ఉందని ఆవిడ ఎప్పుడో కనిపెట్టింది. ఉప్పు తెమ్మంటే తెచ్చేవాడు, తలుపు వెయ్యమంటే వేసేవాడు, చెప్పిన మాట తిరిగి చెప్పడం మాత్రం మానేశాడు. పన్నెండేళ్లుగా విసుక్కున్న అలవాటు అది. పోయేసరికి ఆవిడకి ఇల్లు బోసిపోయినట్టనిపించింది.

విమానం రెక్క తగిలి పాత గాలిసంచి చిరిగిపోయింది కదా, కొత్తది కుట్టాలి. ఇరవై రెండో రోజు సాయంత్రం ఆవిడ మిషను ముందు కూర్చుంటే, బాబాయ్ నేల మీద కూర్చుని ఆ పొడుగు గుడ్డ జారకుండా పట్టుకున్నాడు.

"పిచ్చుక వచ్చింది పొద్దున" అంది ఆవిడ, కాలు ఆడిస్తూనే. "కట్టు పట్టేలా చొక్కా చేతులు విప్పి కుట్టమని. రేపు ఆ దర్యాప్తు సారు మైదానంలో అందరి ముందూ ఇంకోసారి చెప్పించుకుంటారట కదా."

బాబాయ్ గుడ్డ అంచు సరిచేశాడు.

"పిన్నీ, నా కళ్లకేమైనా అయిందేమో అని అడిగిందయ్యా. లేనిదాన్ని ఉన్నట్టు చూశానేమో, ఇలాంటి దాన్ని గాల్లోకి పంపడం కూడా తప్పేనేమో అంది. పరీక్ష చేయించుకుంటే, కళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయన్నారట. అయినా నమ్మడం లేదు. ఎవడేం అన్నా నిలబడే పిల్ల అది. తన కళ్లని తనే నమ్మకపోతే ఇంకేం చేస్తుంది?" మిషను ఆగింది. "నువ్వు అక్కడే ఉన్నావు కదా. ఏం చూశావ్?"

"గుడ్డ పట్టుకున్నాను కదా. కుట్టు."

ఆవిడ కుట్టింది. ఆ కుట్టు చివరిదాకా వంకరగా పోయింది. ఇద్దరిలో ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి షెడ్డు ముందు కుర్చీలు వేశారు. దర్యాప్తు ఆఫీసరు, స్కూలు పెద్ద, పిచ్చుక గురువు, పిచ్చుక. కొత్త గాలిసంచి ఎక్కించడానికని బాబాయ్ నిచ్చెనతో పక్కనే ఉన్నాడు. ఎక్కించి దిగొచ్చాడు. బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా ఎవరో టీ గ్లాసు పెట్టారు.

ఆఫీసరు మర్యాదగానే అడిగాడు. "చూడమ్మా, ఇదే ఆఖరిసారి. నువ్విచ్చిన వాంగ్మూలంలో, నక్కలు పక్కనుంచి వరసగా, వేగంగా పరిగెత్తుకుంటూ వచ్చాయని ఉంది. అందులో ఏమైనా మార్చుకుంటావా?"

ఆ పిల్ల కట్టు కట్టిన చేతి వైపు చూసుకుంది. కొత్తగా కుట్టిన చొక్కా చెయ్యి గాలికి రెపరెపలాడుతోంది.

"మార్చుకుంటాను సార్" అంది. "బహుశా నేనే సరిగ్గా చూసుండను. అవి ముందే అక్కడ ఉండుంటాయి. నేను... నేను చూసుకోలేదేమో."

గురువు తల తిప్పేసుకున్నాడు. ఆఫీసరు చెవి మీది పెన్సిలు తీశాడు.

అబద్ధం చెప్పింది ఎవరు, దాన్ని మోస్తున్నది ఎవరు! బాబాయ్‌కి ఇరవై మూడు రోజుల్లో మొదటిసారి ఆ మొద్దుతనం వదిలి ఏదో తగిలింది. పెద్ద ధైర్యమేం కాదు. సిగ్గు. ఒట్టి సిగ్గు. ఆయన నిచ్చెన గోడకి ఆనించి, గదిలోకి వెళ్లి, మేకు మీది బకెట్టు తీసుకుని బయటికొచ్చాడు.

"సార్, ఆ పెన్సిలు కాస్త ఆపండి" అన్నాడు.

నడుముకున్న రేడియో తీసి నోటి దగ్గర పెట్టుకున్నాడు. "టవర్. ఐదు నిమిషాలు ఎవర్నీ దించకు, ఎవర్నీ లేపకు."

"ఐదు నిమిషాలు ఎవర్నీ దించను, ఎవర్నీ లేపను" అంది బావమరిది గొంతు. పైన అద్దాల వెనక మనిషి లేచి నిలబడ్డం కనపడింది. "బావా, ఏం చేస్తున్నావ్? ఆ బకెట్టు ఎందుకు?"

"కరెక్ట్" అన్నాడు బాబాయ్.

ఆ రోజు కూర్చున్న టైరు మీదే కూర్చున్నాడు. మూత నేల మీద బోర్లించాడు. కుర్చీల్లోని వాళ్లు, ఈయనకి మతి పోయిందా అన్నట్టు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. బాబాయ్ పానా ఎత్తి మూడు దెబ్బలు కొట్టాడు.

ఏమీ జరగలేదు. గడ్డి కదిలింది, అది గాలికి. స్కూలు పెద్ద ఏదో అనబోయాడు. ఇరవై మూడు రోజులైంది, ముందున్న తల్లి చచ్చిపోయింది, ఇంకెందుకొస్తాయి అనుకున్నాడు బాబాయ్. రాకపోతే బాగుండునని కూడా ఓ క్షణం అనుకున్నాడు. అవును, అనుకున్నాడు.

అప్పుడు తూము పక్కన గడ్డి రెండుగా విడిపోయింది. ఒకటి. దాని వెనక ఒకటి. దాని వెనక ఒకటి. అటూ ఇటూ చూడకుండా, వరసగా, వేగంగా, తిన్నగా ఆయన వైపే వచ్చాయి. పిచ్చుక కుర్చీ వెనక్కి పడింది. ఆ పిల్ల లేచి నిలబడింది. నక్కలు తారు మీదికెక్కాయి, మధ్యలో తెల్లగీత దాటాయి, ఇంతమంది మనుషుల్ని చూసి రన్‌వే ఇవతలి అంచు దగ్గర టక్కున ఆగిపోయాయి. మూడూ బకెట్టు వైపే చూస్తున్నాయి. బకెట్టులో ఏమీ లేదు.

ఆఫీసరు చేతిలో పెన్సిలు అలాగే ఉండిపోయింది.

"ఆ రోజు మూత వంగిపోయిందండీ" అన్నాడు బాబాయ్. "సరిచేద్దామని కొట్టాను. అంతే. అవి నేను పిలిచాననుకున్నాయి."

పిచ్చుక ఆయన వైపు తిరిగింది. "నేను అడిగాను కదా బాబాయ్ మిమ్మల్ని" అంది. కోపంగా అనలేదు. అదే ఆయన భరించలేకపోయాడు.

"అడిగావమ్మా. చూళ్లేదని చెప్పాను. చూశాను."

ఆ మాట గాల్లో చెప్పిన మాట. రేపు ఎవరైనా వినలేదంటే విననట్టే. బాబాయ్‌కి తెలిసిన పద్ధతి ఒక్కటే. మళ్లీ రేడియో ఎత్తాడు. పన్నెండేళ్లలో ఎన్నడూ అనని మాట అది.

"టవర్. రన్‌వే క్లియర్ కాదు. మూడు నక్కలు. పిలిచింది నేను. ఆ రోజు పిలిచింది కూడా నేనే. ఆ పిల్ల చూసింది నిజం."

రేడియోలో బర్రుమని చప్పుడు. తర్వాత నెమ్మదిగా, బతిమాలుతున్నట్టు: "బావా, ఇది రికార్డవుతోంది."

"తెలుసు. తిరిగి చెప్పు."

పైన అద్దాల వెనక మనిషి కదల్లేదు. నక్కల్లో ఒకటి వెనక కాళ్ల మీద కూర్చుంది.

"రన్‌వే క్లియర్ కాదు" అంది చివరికి బావమరిది గొంతు. "మూడు నక్కలు. పిలిచింది..." అక్కడ ఆగింది. "పిలిచింది నువ్వు. ఆ రోజు కూడా నువ్వే. ఆ పిల్ల చూసింది నిజం."

ఇక మిగిలింది ఒక్క మాట. అది అనకపోతే ఇప్పటికీ ఏమీ చెప్పనట్టే. బాబాయ్ బొత్తాం నొక్కాడు. నాలుక మీది బొబ్బ ఎప్పుడో మానింది, ఇవాళ అక్కడ చురుక్కుమంది. ఒకసారి దగ్గాడు.

"కరెక్ట్" అన్నాడు.